నెమరేస్తందా?

ముప్పై ఎనిమిదేళ్లు గొడ్ల ఆసుపత్రిలో పనిచేశాను. డాక్టర్ని కాదు, కాంపౌండర్ని. ఊళ్లలో చేతిలో సూది ఉన్న ప్రతివాడూ డాక్టరే కాబట్టి అందరూ "డాక్టరుగారూ" అనే పిలిచేవాళ్లు. కాదు కాదని దిద్దడం మొదటి ఏడాదిలోనే మానేశాను. రైతు పరిగెత్తుకుంటూ వచ్చి "బర్రె మేత ముట్టలేదయ్యా" అంటే, జ్వరమా, పారుతోందా, ఎప్పటినుంచి అని అడక్కముందే మా నోట్లోంచి వచ్చే మాట ఒకటుంది.

"నెమరేస్తందా?"

వేస్తోందంటే సగం భయం తీరినట్టే, మెల్లగా టీ తాగి పోవచ్చు. వెయ్యట్లేదంటే మాత్రం టీ గ్లాసు అక్కడే పెట్టి సైకిలు తియ్యాలి.

రిటైరయ్యాక ఈ మాట నా చేతిలోంచి జారిపోతుందనుకున్నాను. జారలేదు సరికదా, ఇప్పుడు రోజూ పొద్దున్నే పేపర్లో కనపడి చిరాకు పుట్టిస్తోంది. వేసవి వచ్చిందంటే జిల్లా పేజీ నిండా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. ప్రతి వార్తలోనూ "నాటి మధుర స్మృతులను నెమరువేసుకున్నారు" అన్న వాక్యం తప్పనిసరి. ఒక ఆదివారం లెక్కపెట్టాను, ఒకే పేజీలో నాలుగు ఊళ్లవాళ్లు నెమరేశారు. నెమరేసి, గురువుల్ని శాలువాలతో సత్కరించి, సహపంక్తి భోజనాలు చేసి, ఫోటో దిగి వెళ్లారు. నిలబడి, శాలువా కప్పుతూ, మైకు పట్టుకొని నెమరేసిన గొడ్డును నేనింతవరకు చూడలేదు.

పేపరువాళ్ల మీద కోపమేం లేదు. నెమరంటే గుర్తు తెచ్చుకోవడం అని అందరూ స్థిరపడిపోయారు, వాళ్లూ అదే రాస్తున్నారు. కానీ నెమరు వేసే జీవిని దగ్గర కూర్చుని చూసినవాడికి ఆ అర్థం ఇరుకైన చొక్కాలా ఉంటుంది.

ఎట్లా వేస్తుందో చెప్తాను, పట్నంలో పుట్టిన పిల్లలు కూడా ఇది చదువుతున్నారని మా అమ్మాయి అంది కాబట్టి.

ఆవుకు పైదవడలో ముందుపళ్లుండవు. నాలుకతో గడ్డిని చుట్టి, లాగి, సరిగ్గా నమలకుండానే మింగేస్తుంది. మేసేటప్పుడు దాని ధ్యాసంతా నింపుకోవడం మీదే. బయలు మీద తలవంచి మేసే జంతువుకు పులి భయం ఉంటుంది, అందుకని ముందు మింగి, తర్వాత నీడకు పోయి నమలడం దానికి అబ్బిందని మా ట్రైనింగులో చెప్పారు. మింగిందంతా ఎడమ డొక్కలో ఉండే పెద్దపొట్టలోకి పోతుంది. పెద్ద ఆవుకైతే అందులో వంద లీటర్లకు పైనే పడుతుంది. అక్కడ మన కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ గడ్డిని నానబెట్టి, పులియబెడతాయి. దాని పక్కన తేనెపట్టు గళ్లలాంటి గోడలున్న చిన్నపొట్ట, ఆ తర్వాత ఇంకో రెండు. మొత్తం నాలుగు గదులు.

ఇక కొట్టంలోకి వచ్చి ముందుకాళ్లు మడిచి పడుకుంటుంది. కాసేపు ఏమీ జరగదు. తర్వాత చిన్న ఎక్కిలిలాంటిది వస్తుంది. మెడ కింద ఒక ఉండ పైకి జరగడం మన కంటికే కనపడుతుంది. అక్కడినుంచి దవడ పక్కకు కదలడం మొదలవుతుంది, పైకీ కిందకీ కాదు, పక్కకు, తిరగలి తిరిగినట్టు. యాభైసార్లు అటూ ఇటూగా నములుతుంది. ఒక్కో ఉండకు ఒక నిమిషం. మింగుతుంది, ఆగుతుంది, మళ్లీ ఇంకో ఉండ. రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఇదే పని. ఆ సమయంలో కళ్లు సగం మూసుకుని ఉంటాయి. నిద్ర కాదు. చెవులు మెలకువగానే ఉంటాయి. కొత్త కుక్క వచ్చి గుమ్మంలో నిలబడిందనుకోండి, దవడ ఠక్కున ఆగిపోతుంది. కుక్క వెళ్లిపోయినా వెంటనే మొదలుపెట్టదు.

నేను ఈ చూడడం నేర్చుకున్నది ఆసుపత్రిలో కాదు, మా ఇంట్లోనే, గుండ్లకమ్మ దగ్గర్లోని మా ఊళ్లో. మాకు ఒక జత ఒంగోలు ఎడ్లుండేవి. మా నాయన పొలం నుంచి వచ్చి, వాటికి చొప్ప వేసి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, కొట్టానికి ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. చుట్ట వెలిగేది. అంతే, గంట సేపు పలుకూ ఉలుకూ ఉండేది కాదు. మేము హోంవర్కు చూపిద్దామని పోతే అమ్మ వంటింట్లోంచే కేకేసేది.

"ఒరే, నాయన నెమరేస్తన్నాడు. కదిలించమాకండి."

ఆ వయసులో నాకు నెమరంటే ఎద్దు చేసేదీ, నాయన చేసేదీ రెండూ ఒకటే. ఇప్పటికీ ఒకటే. అమ్మ ఎగతాళిగా అనలేదు, గౌరవంగానూ అనలేదు. అన్నం తింటున్నాడు, స్నానం చేస్తున్నాడు అన్నట్టే, అది కూడా ఒక పని అన్నట్టు చెప్పేది.

తెలుగులో ఊరకే కూర్చుని ఆలోచించడానికి మాటలకు కరువేం లేదు. యోచన ఉంది, అందులో ఏదో తేల్చుకోవాల్సిన తొందర ఉంది. మననం ఉంది, దానికి గురువూ పాఠమూ కావాలి. ధ్యానానికి ఈమధ్య చాపా, యాపూ కావాలంటున్నారు. పరధ్యానంలో ఉన్నవాడు ఎదురుగా ఉన్నదాన్ని చూడడు, పాలు పొంగిపోతాయి. తలపోత అందమైన మాటే గాని పుస్తకాల్లో మిగిలింది, మా వీధిలో ఎవరూ తలపోయడం నేను వినలేదు. నెమరు ఒక్కటే కడుపులోంచి పుట్టిన మాట. ముందు తిని ఉండాలి. తొందరలో నమలకుండా మింగి ఉండాలి. తర్వాత దానంతట అది పైకి రావాలి. మనం రమ్మంటే రాదు.

సంస్కృతంలో దీన్ని రోమంథం అంటారట. మా డాక్టరుగారొకాయన చెప్పాడు. ఆయన గొడ్డును చూస్తూ శ్లోకం చదివే రకం.

నా ఉద్యోగం మొదట్లో కొన్నేళ్లు సూళ్లూరుపేట వైపు వేశారు. అప్పుడది నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతిలో కలిసింది. అక్కడ సగం మంది రైతులు అరవంలో మాట్లాడేవాళ్లు. "అసై పోడుదా?" అని అడగడం నేర్చుకున్నాను. తమాషా ఏంటంటే అరవంలో కూడా గొడ్డు నెమరుకూ, మనిషి పాత సంగతులు లోపల నమలడానికీ అదే మాట. కన్నడంలోనూ అంతే, మెలుకు హాకు అంటారు. ఇంగ్లీషువాళ్లు రూమినేట్ అంటే అదే. ఎవరికి వాళ్లు పశువును చూసే ఆ మాట కనిపెట్టుకున్నారో, ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకున్నారో నాకు పట్టింపు లేదు. పశువు పక్కన కూర్చున్న ప్రతివాడికీ అట్లాగే తోస్తుంది.

ఇంకో సంగతి, కొంచెం దారి తప్పుతున్నాను. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో కోట్లలో ఉంది. అక్కడ దాని పేరు నెలోర్, అంటే మన నెల్లూరే. ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరేమిటని మావాళ్లు ఉడుక్కుంటారు గాని, అవి ఓడలెక్కిన పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు తాలూకా ఉన్నది నెల్లూరు జిల్లాలోనే. 1904లో గుంటూరు జిల్లా కట్టినప్పుడు అందులోకి పోయింది. 1970లో ఒంగోలు సొంతంగా జిల్లా అయింది, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఇన్ని చేతులు మారినా ఎడ్లు మాత్రం పాత చిరునామాతోనే ఉండిపోయాయి. వాళ్ల పోర్చుగీసులో నెమరుకు రుమినార్ అంటారట, లోపల లోపల ఆలోచించడానికీ అదేనట. మా నాయన అక్కడ పుట్టినా మా అమ్మ అదే కేక వేసి ఉండేది.

సరే, నెమరు ఆగిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఏటా పెళ్లిళ్ల కాలంలో మాకు ఒకే రకం కేసులు. విందులో మిగిలిన అన్నం పారెయ్యడానికి మనసొప్పక బర్రెకు గంపెడు పెడతారు. ప్రేమతోనే పెడతారు. అది ఆబగా తినేస్తుంది. అన్నానికి నమిలేందుకు ఏమీ ఉండదు, గడ్డిలాగా పీచుండదు. పొట్టలో గబగబా పులిసి పులుపెక్కిపోతుంది. గడ్డి నమిలేటప్పుడైతే లాలాజలం ఊరుతుంది, ఆవుకు రోజుకు వంద లీటర్ల పైన ఊరుతుందంటే నమ్మరు గాని నిజం. అందులో సోడా గుణం ఉంది, పులుపును అది విరిచేస్తుంది. నెమరు లేదు కాబట్టి లాలాజలమూ లేదు. బర్రె కూలబడుతుంది. మేము పోయి వంట సోడా నీళ్లలో కలిపి తాగించి, సెలైను ఎక్కించి, ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి కూర్చునేవాళ్లం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నిమిషానికి ఒకటి రెండుసార్లు పెద్దపొట్ట అలలాగా చేతికి తగులుతుంది. ఆ అల కోసం తెల్లారేదాకా కాసుకున్న రాత్రులున్నాయి. ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న గొడ్డు పొట్టలోని రసం తీసి దీనికి తాగించేవాళ్లం, చచ్చిపోయిన సూక్ష్మజీవుల బదులు కొత్తవి పోసినట్టు. మా తాతల కాలంలో నెమరేస్తున్న గొడ్డు నోట్లోంచి ఆ ఉండ లాగి జబ్బు గొడ్డు నోట్లో పెట్టేవాళ్లని ముసలి రైతులు చెప్పేవాళ్లు. వాళ్లకు సూక్ష్మజీవుల సంగతి తెలియదు, చేసింది మాత్రం సరైన పనే.

ఫోన్ పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి వీడియోలు చూస్తున్న మా మనవడిని చూసినప్పుడల్లా నాకు ఆ పెళ్లి అన్నం గుర్తొస్తుంది. వాడికి చెప్పను. ఎందుకంటే రాత్రి పన్నెండింటికి నేను చూసేదీ అదే.

మా అమ్మాయి బెంగుళూరులో కౌన్సెలింగ్ పని చేస్తుంది. నెమరు మీద ఏదో రాస్తున్నానని ఫోన్లో చెప్తే నవ్వి, "నాన్నా, మా దగ్గర రూమినేషన్ అంటే మంచి మాట కాదు" అంది. ఒకే బాధను పదే పదే తిప్పి తిప్పి ఆలోచిస్తూ, ఎక్కడికీ పోకుండా అక్కడే తిరగడాన్ని అట్లా అంటారట. అది దిగులు జబ్బును పెంచుతుందట. నాకు కాసేపు మాట రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఆరోగ్యానికి గుర్తని నేను వెతికినదాన్ని నా కూతురు జబ్బుకు గుర్తని వెతుకుతోంది.

రాత్రి పడుకున్నాక జవాబు దొరికింది. పొద్దున్నే ఫోన్ చేశాను.

గొడ్డు చూసుకోకుండా మింగుతుందని చెప్పాను కదా. గడ్డిమోపుకు కట్టిన తీగముక్కో, మేకో ఉంటే దాన్ని కూడా మింగేస్తుంది. ఇనుము బరువు కాబట్టి ఆ తేనెపట్టు పొట్టలో అడుగున పడిపోతుంది. నెమరులో అన్నీ పైకొస్తాయి, అది మాత్రం రాదు. పొట్ట కదిలినప్పుడల్లా గోడకు గుచ్చుకుంటుంది. ఆ గోడకు అవతల కొంచెం ముందుకు పోతే గుండె. అట్లాంటి గొడ్డు వీపు వంచి నిలబడుతుంది, మోచేతులు ఎడంగా పెడుతుంది, పడుకోవడానికి భయపడుతుంది, ముఖ్యంగా నెమరు మానేస్తుంది. కొన్నిచోట్ల ముందుజాగ్రత్తగా అయస్కాంతం ముక్కను మింగిస్తారు, అది ఆ గదిలోనే పడి ఉండి ఇనుమును తన దగ్గరికి లాక్కుంటుంది. "మీరు చెప్పేది నెమరు కాదమ్మా, మేకు" అన్నాను. "అయితే ఏది మేకో, ఏది గడ్డో ఎట్లా తెలుస్తుంది నాన్నా?" అంది. డొక్క మీద చెయ్యి పెడితే తెలుస్తుందన్నాను. మనుషులు పెట్టనివ్వరంది.

ఇదంతా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మొన్న మే నెలలో మా 1979 పదో తరగతి వాళ్లమూ సమ్మేళనం పెట్టుకున్నాం. అవును, నేనూ శాలువా కప్పాను, ఫోటోలోనూ ఉన్నాను. మర్నాడు పేపర్లో మేమూ నెమరేశామని వచ్చింది. నిజానికి ఆ రోజు డీజే హోరులో ఎవడేం మాట్లాడాడో ఎవడికీ వినపడలేదు. భోజనాల దగ్గర ఒకడు, హైవే పక్కన ఇల్లున్నవాడు, చేతిలో పళ్లెంతో నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీ నాయన ఎడ్లమ్మిన రోజు మా ఇంటికొచ్చాడ్రా. నీకు తెలుసా?"

"అవునా" అన్నాను. పప్పుచారు వడ్డిస్తున్నారు, గిన్నె చాపాను.

"రెండు గంటలు అరుగు మీద కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలా. రెండు పలుపులూ ఒళ్లో పెట్టుకొని. మా అమ్మ మజ్జిగిస్తే తాగి పోయాడు."

అంతలో ఎవరో వాణ్ని పిలిచారు. నేను అన్నం తిని ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది, ఆ మర్నాడూ పట్టింది. మూడో రాత్రి రెండు గంటలప్పుడు మెలకువొచ్చి, చీకట్లో ఆ మాట పైకొచ్చింది.

ఎడ్లు అమ్మింది 1994లో. అప్పుడు నేను సూళ్లూరుపేటలో ఉన్నాను. ఊళ్లో ట్రాక్టర్లొచ్చాయి, మేత ఖరీదైపోయింది, పాలేరు దొరకట్లేదు, అమ్మెయ్ నాయనా అని ఉత్తరం రాసింది నేనే. ఇంకెవరు చెప్పినా వినేవాడు కాదు. గొడ్ల ఆసుపత్రిలో పనిచేసే కొడుకు చెప్పాడు కాబట్టి విన్నాడు. బేరగాడు లారీ హైవే మీద పెడితే, తనే నడిపించుకుంటూ పోయి ఎక్కించి వచ్చాడు. దీపాలు పెట్టాక ఇల్లు చేరాడనీ, లారీ ఆలస్యమైందన్నాడనీ తర్వాత అమ్మ చెప్పింది. లారీ ఆలస్యం కాలేదన్నమాట.

మొదట తోచింది, నాయన అబద్ధమాడాడని. చిన్నవిషయం, అయినా ఆయన అబద్ధం ఆడగా నాకు తెలిసిన సందర్భం ఇంకోటి లేదు. కాసేపటికి ఇంకోటి. మా అరుగు ఉండగా వాళ్ల అరుగెందుకు? మా అరుగుకు ఎదురుగా కొట్టం ఉంది, ఖాళీ కొట్టం. తెల్లవారుజామున ఇంకోటి. నేను సెలవుకు ఇంటికొచ్చినప్పుడు "మంచిపని చేయించావురా" అన్నాడు. నేను సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ వాక్యాన్ని ఏ దవడతో నమలాలో తెలియట్లేదు. అది గడ్డో, మేకో మా అమ్మాయినే అడగాలి.

పోయిన వారం ఊరెళ్లి అమ్మ దగ్గర కూర్చున్నాను. ఎనభై రెండేళ్లు. చెవులు కొంచెం మందగించాయి గాని మిగతావన్నీ చురుకే. హైవే పక్కన ఇంటి సంగతి చెప్పాను, గట్టిగా, రెండుసార్లు.

"తెలుసులే" అంది. "మర్నాడే వాళ్లమ్మ బావికాడ చెప్పింది."

"మరి నాయన్ని అడగలేదా?"

"ఏమని అడగను? లారీ లేటంటే లేటే అనుకున్నా."

"ముప్పై ఏళ్లు?"

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తీస్తూనే ఉంది. నేను ఇంకేదో అడగబోతే చెయ్యెత్తి ఆపింది, చిన్నప్పుడు అరుగు వైపు పోతుంటే ఆపినట్టు. ఎంతసేపు గడిచిందో, కాయలన్నీ అయిపోయాక గిన్నె పక్కన పెట్టి, "ఆ పలుపులు అటక మీదుండాలి, చూడు" అంది.

స్టూలేసుకుని ఎక్కాను. పాత ట్రంకుపెట్టె వెనక దుమ్ములో ఒక్కటే దొరికింది. రెండోదేదని పైనుంచే అడిగాను. చేద తాడు తెగితే దానికి ముడేసి వాడేశారట. ముడేసి ఇచ్చింది నాయనేనట.